మంచం కింద మూట

వీధిలో అందరూ మిషనత్త అని పిలిచే ఆవిడకు కంపు అంటే అస్సలు పడదు. ముప్పై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టి రిటైరయ్యాక, "ఊరికే కూర్చోలేను, నలుగురికి కుట్టు నేర్పి వస్తాను" అని, కూతురు మొత్తుకుంటున్నా వినకుండా, ఓ సేవాసంస్థ తరఫున దేశంకాని దేశంలోని పల్లెకు బయల్దేరింది. తీరా అక్కడ తనకిచ్చిన గదిలో అడుగుపెట్టగానే ముక్కు మూసుకుంది. పరుపు ఎండలో వేసింది. గచ్చంతా ఫినాయిలు పోసి కడిగింది. కంపు అలాగే ఉంది. మంచం కింది గోనెమూట మాత్రం సంస్థవాళ్లదనీ, ముట్టుకోవద్దనీ గది ఇచ్చిన ఇంటావిడ చెప్పింది. చెబుతూ నేలచూపులు చూసింది.

ఆ ఇంటావిడే తరగతిలో మొదటి శిష్యురాలు. ఇద్దరికీ భాష సగమే కలిసేది, మిగతా సగం చేతులే మాట్లాడేవి. ఆవిడ నీలం చొక్కా కుట్టడం మొదలుపెడితే, మిషనత్త దాని కాజాలు మళ్లీ మళ్లీ విప్పించింది.

"ఇవి కాజాలా, ఎలుక కొరికిన కన్నాలా?"

ఇంటావిడ కిసుక్కున నవ్వి మళ్లీ కూర్చునేది. "విరాళాలిచ్చే పెద్దలు వస్తారు కదక్కా, ఆరోజు ఇదే వేసుకుంటాను. నా చేత్తో కుట్టానని చెబుతాను."

ఆరోజు రానే వచ్చింది. ఆడవాళ్లంతా నున్నగా తలలు దువ్వుకుని, ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. సంస్థ మేనేజరు వాళ్లను చూసి మొహం మాడ్చుకున్నాడు. తిన్నగా మిషనత్త గదిలోకి వెళ్లి, గోనెమూట ఈడ్చుకొచ్చి గుమ్మరించాడు. అన్నీ చిరిగి, జిడ్డోడుతూ, బూజుపట్టిన చొక్కాలు. కంపు గుప్పుమంది.

"ఫోటోలయ్యేదాకా ఇవి వేసుకోండి. ఇస్త్రీ బట్టల్లో కనిపిస్తే ఎవడిస్తాడు?"

"ఛీ! కనీసం ఉతకనైనా లేదేమయ్యా?" అంది మిషనత్త.

"ఉతికితే ఎలాగమ్మా, మళ్లీ మాపుకోవాలి కదా."

ఆడవాళ్లు తలొకటి తీసుకుని పైన తొడుక్కున్నారు. వాళ్లకు అలవాటే. ఇన్నాళ్లూ ఈ దరిద్రం మీద పడుకున్నానా అని మిషనత్తకు ఒళ్లంతా కంపరమెత్తింది. మడత నలగని చొక్కాలో నిలబడ్డ ఆ మేనేజరును చూస్తే వాంతి వచ్చినంత పనైంది.

ఇంటావిడ కూడా తన నీలం చొక్కా మీద వేసుకోవడానికి ఒకటి అందుకుంది. "పోనీలే అక్కా. వాళ్లివ్వకపోతే సంస్థవాళ్లు మిషన్లు ఎత్తుకుపోతారు. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

మిషనత్త ఆ చొక్కా ఆవిడ చేతిలోంచి లాక్కుని, ఊపిరి బిగబట్టి, తన బట్టల మీద తొడుక్కుంది. మేనేజరు నోరు తెరిచేలోగా బయట కారు ఆగింది.

దిగిన పెద్దావిడ చూపు తిన్నగా అన్నిటికన్నా చిరిగిన చొక్కా మీద పడింది. మిషనత్త భుజం మీద రెండు వేళ్లు ఆనించి, "అయ్యో పాపం" అంటూ ఫోటో దిగింది. దిగాక ఆ రెండు వేళ్లూ సెంటు రుమాలుతో తుడుచుకుంది. తర్వాత నీలం చొక్కా వైపు తిరిగింది.

"టీచరు మీరేనా?"

ఇంటావిడ మేనేజరు వంక చూసింది. మిషనత్త వంక చూసింది. కాలరు సర్దుకుంది.

"నేనేనండీ. ఇది నా చేత్తో కుట్టిందే," అంది. "ఈవిడ ఈమధ్యే చేరింది. పాపం, కష్టపడుతుంది గానీ, కాజాలే ఇంకా ఎలుక కొరికినట్టు వస్తున్నాయి."

మిషనత్త బుద్ధిగా తలూపింది.