ఆ అమ్మాయికి రావలసిన సోలో

మా అమ్మకు ట్రాంబోన్ అంటే మొదటి రోజు నుంచీ పడలేదు. ఆ ఇత్తడి గొట్టంలోకి ఊదిన ఊపిరి కాసేపటికి లోపల నీరవుతుంది. మధ్యలో ఆపి, చివర ఉన్న చిన్న మీట నొక్కి ఆ నీటిని బయటికి వదిలేయాలి. ఏడో తరగతిలో స్కూలు వాళ్ళిచ్చిన ట్రాంబోన్‌ను ఇంటికి తెచ్చిన సాయంత్రం, నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ పని చేస్తుంటే అమ్మ చూసింది.

"ఏంటే అది? ఉమ్మా?"

"కొంచెం ఉమ్ము, కొంచెం ఆవిరి."

"ఛీ ఛీ! ఆ ఎంగిలి గొట్టాన్ని దేవుడి గది వైపు తెచ్చావంటే ఊరుకోను. గరాజ్‌లోకెళ్ళి ప్రాక్టీస్ చేసుకో."

అలా అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నా సాధనంతా గరాజ్‌లోనే, కారు ముందు నిలబడి సాగింది. చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోయేవి. అయినా నాకు ఆ గరాజ్ ఇష్టం. అక్కడ తప్పు వాయించినా వినేవాళ్ళు లేరు.

పదో తరగతిలో హైస్కూల్ జాజ్ బ్యాండ్‌లో చోటు దొరికింది. క్లాసు ఉదయం ఏడింటికి, మిగతా స్కూలు మొదలు కాకముందే. నాన్న ఆఫీసుకు వెళ్తూ నన్ను దింపేవారు. మొదటి నెల నాకు ఏడుపొక్కటే తక్కువ. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. తాళం తప్పితే మా టీచర్ తొడ మీద ఒకటి అంటించేది. ఆ భయం ఒంట్లో ఇంకిపోయి, నేను ప్రతి స్వరాన్నీ కొలిచినట్టు వాయించేదాన్ని. జాజ్‌లో అలా కుదరదు. కాగితం మీద రెండు స్వరాలు సమానంగా రాసి ఉన్నా, మొదటిదాన్ని కాస్త సాగదీసి రెండోదాన్ని కాస్త ఆలస్యంగా తగిలించాలి. ఎంత సాగదీయాలో ఎక్కడా రాసి ఉండదు.

"నువ్వు ఒక్క తప్పు కూడా వాయించడం లేదు. అదే నా బాధ," అన్నారు మా బ్యాండ్ డైరెక్టర్ ఒకరోజు. అరవై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. "నీ కాగితం నువ్వు వాయిస్తున్నావు. పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో వింటున్నావా?"

వినడం లేదు. నా పక్కన ఎవరు ఉన్నారో కూడా సరిగ్గా చూడలేదు అప్పటిదాకా.

పక్క కుర్చీలో ఉన్నది పన్నెండో తరగతి అమ్మాయి. ముక్కు మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు, ఎప్పుడూ ఒకటే ఆకుపచ్చ స్వెటర్. నాలుగేళ్ళుగా అదే బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తోంది. నాలుగేళ్ళలో ఒక్క సోలో రాలేదు. వచ్చే ఏడాది నర్సింగ్‌లో చేరుతుంది కాబట్టి మే నెల కచేరీతో తన వాయింపు సరి అని తనే చెప్పింది. ఆ కచేరీలో ట్రాంబోన్‌కు పదహారు ఆవర్తనాల సోలో ఒకటి ఉంది. అది తనకే వస్తుందని తను అనుకుంది. బ్యాండ్ మొత్తం అనుకుంది.

ఫిబ్రవరిలో డైరెక్టర్ మా ఇద్దరి చేతా వాయించి చూశారు. ట్రాంబోన్‌కు స్వరం మార్చే మీటలుండవు, గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపితేనే స్వరం మారుతుంది. నేను జరిపేటప్పుడు చిన్నప్పటి గమకాలు నాకు తెలియకుండానే పడ్డాయట. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. సోలో నాకిచ్చారు.

ఆ అమ్మాయి ముఖం కందిపోయింది. నేను తల తిప్పేసుకున్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది, దాచుకోను.

తీరా కాగితం చేతికొస్తే, ఆ పదహారు ఆవర్తనాల్లో స్వరాలే లేవు. ఏటవాలు గీతలు, పైన కార్డ్స్, అంటే కలిసి మోగే స్వరాల గుంపుల పేర్లు, అంతే. అప్పటికప్పుడు కల్పించి వాయించాలట. నాకు తెలిసిన చదువల్లా బట్టీ పట్టడమే. ఇంటికెళ్ళి పదహారు ఆవర్తనాలకూ స్వరాలు రాసుకుని, కంఠతా పట్టి, మర్నాడు గడగడా అప్పజెప్పాను. డైరెక్టర్ ఆ కాగితం తీసుకుని బోర్లించారు. "ఇప్పుడు వాయించు." నోట్లో ఊపిరి తప్ప స్వరం రాలేదు.

ఆ రోజు లంచ్‌లో పక్క కుర్చీ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"ప్రాక్టీస్ రూమ్‌కి రా. నేను ఒక ముక్క వాయిస్తాను, దానికి నువ్వు జవాబు చెప్పు. ఆలోచించకు. మాట్లాడుకుంటున్నట్టు, అంతే."

ఎందుకొచ్చిందో నేను అడగలేదు. తనకు దక్కనిదాన్ని నాకు నేర్పడానికి వచ్చిన మనిషిని కనీసం ఎందుకని అడగాలి కదా. అడగలేదు. నెల రోజులు రోజూ లంచ్‌లో, ఒకళ్ళ ట్రాంబోన్ ఆగగానే ఇంకొకళ్ళది మొదలయ్యేది. తను తమాషాగా వాయిస్తే నేను నవ్వాపుకోలేక శ్రుతి తప్పేదాన్ని. అమెరికాలో నాకు దొరికిన మొదటి స్నేహం అదే. ఒకరోజు డ్రమ్స్ అబ్బాయి ఒక దెబ్బ అదనంగా వేస్తే, నేను చూసుకోకుండానే దానికి జవాబిచ్చాను. ఆ అమ్మాయి నా కుర్చీని కాలితో తన్నింది. అంతకంటే మెచ్చుకోలు తనకు తెలియదు.

మార్చిలో నాన్న ఉద్యోగం పోయింది.

మా వీసాకు అరవై రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. ఇది మా తెలుగు ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాన్న ఆ సాయంత్రం అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి చెప్పారు.

"ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు. పక్కింటి ఆంటీకి కూడా. స్కూల్లో అసలు వద్దు."

"ఎందుకు నాన్నా?"

అమ్మ అందుకుంది. "ఎందుకేంటి? చెప్పుకుంటే జరిగేది కూడా జరగదు. నోరు మూసుకుని ఉండు కొన్నాళ్ళు."

మా ఇంట్లో ఇది కొత్త కాదు. జరగబోయేది ఏదీ జరిగేదాకా మేం బయటికి చెప్పం. వీసా స్టాంపింగ్‌కు వెళ్తే వచ్చాక చెప్తాం. ఇల్లు చూస్తే రిజిస్ట్రేషన్ అయ్యాక చెప్తాం. మా పిన్ని కడుపుతో ఉందన్న సంగతి అయిదో నెల దాకా సొంత బావగారైన నాన్నకే తెలియనివ్వలేదు. దిష్టి అని కొందరు, పరువు అని కొందరు పేరు పెట్టుకుంటారు గానీ, ఉన్నది భయమే.

నాన్న రోజూ అలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడింటికల్లా నన్ను దింపేవారు. అక్కణ్ణుంచి లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారని తర్వాత తెలిసింది. కార్లో ఇద్దరం రేడియో వింటున్నట్టు నటించేవాళ్ళం.

ఏప్రిల్ మొదట్లో డైరెక్టర్ స్టాండ్ మీద చెయ్యి ఆనించి అడిగారు. "కచేరీ రోజు ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి. పెళ్ళి, ప్రయాణం, ఏదైనా సరే. ఇప్పుడు చెప్తే ఇంకొకరిని తయారు చేసుకుంటాను. ఆఖర్లో చెప్తే మీ పక్కనున్నవాళ్ళు ఇరుక్కుంటారు."

ఇద్దరు చేతులెత్తారు. ఆయన వాళ్ళ పేర్లు రాసుకున్నారు. తర్వాత నా వైపు చూశారు, సోలో నాది కాబట్టి. నేను తల ఊపాను, ఉంటానని.

ఇన్నేళ్ళూ అది నాన్న మాట కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నాన్న చెప్పొద్దన్నది ఉద్యోగం సంగతి. "ఆ రోజు ఊళ్ళో ఉంటామో లేదో తెలియదు సార్" అంటే సరిపోయేది, పరువూ పోయేది కాదు. ఆ మాట అంటే సోలో పక్క కుర్చీకి వెళ్ళిపోతుంది. నాకు అది కావాలి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. అంతే ఉంది నా మనసులో.

మే నెలలో నాన్నకు ఉద్యోగం వచ్చింది, టెక్సస్‌లో, కాపెల్ దగ్గర. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. సోమవారం చేరాలి. కచేరీ ఆ పై గురువారం. అమ్మ సేమ్యా పాయసం చేసింది, దేవుడి ముందు చాలాసేపు నిలబడింది. నాన్న రెండు నెలల తర్వాత గట్టిగా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో నా పదహారు ఆవర్తనాల గోల ఎలా ఎత్తను? "ఒక్క వారం నేను ఆగనా?" అని గొణిగాను. "ఎక్కడుంటావ్? ఎవరింట్లో?" అన్నారు నాన్న. ఎవరికీ ఏమీ చెప్పని వాళ్ళకు ఎవరిల్లు ఉంటుంది?

"నాన్న జాయిన్ అయ్యేదాకా ఇప్పుడు కూడా ఎవరితో అనకు," అంది అమ్మ.

శుక్రవారం ఉదయం నాకు చివరి రిహార్సల్. ఎన్నడూ అంత బాగా వాయించలేదు. ఆపాక డైరెక్టర్ చప్పట్లు కొట్టారు, బ్యాండ్ అంతా కాళ్ళతో నేల తన్నింది. పక్క కుర్చీ అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "గురువారానికి కూడా కొంచెం మిగుల్చుకోవే," అంది. తను ఎంత సంతోషంగా ఉందో నాకు కనిపిస్తోంది. చెప్పడానికి నోటి దాకా వచ్చింది. గంట మోగింది. సాయంత్రం అమ్మ ట్రాంబోన్‌ను పెట్టెలో పెట్టి స్కూల్ ఆఫీసులో అప్పగించింది. శనివారం ఉదయం మేం కారెక్కాం.

సోమవారం ఉద్యోగంలో చేరాక నాన్న స్కూల్‌కు మెయిల్ పెట్టారు. డైరెక్టర్ దగ్గరి నుంచి నాకు రెండు వాక్యాల జవాబొచ్చింది. "ముందే తెలిస్తే బాగుండేది. కొత్త ఊళ్ళో కూడా వాయించడం మానకు." పక్కింటి ఆంటీ అమ్మకు ఫోన్ చేసి, "ఒక్క మాట చెప్తే పిల్లని మా ఇంట్లో ఉంచుకుని వారం తర్వాత ఫ్లైట్ ఎక్కించేవాళ్ళం కదండీ," అందట. అమ్మ ఆ మాట నాతో చెప్పి, "పోనీలే," అంది. నేను ఆ రోజు అన్నం తినలేదు.

కచేరీ అయిన మర్నాడు వీడియో పెట్టారు. కాపెల్ అపార్ట్‌మెంట్‌లో ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని చూశాను. మూడో పాటలో ఆ చోటు రాగానే ఆకుపచ్చ స్వెటర్ లేకుండా, నల్ల గౌనులో ఆ అమ్మాయి లేచి నిలబడింది. మొదటి నాలుగు ఆవర్తనాలు నావే. నేను వాయించినవి విని విని గుర్తున్నవి. వాటిని నాలాగే వాయించబోయింది. అయిదో దానిలో ఊపిరి చాల్లేదు, స్వరం పగిలింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ పగిలింది. పదో ఆవర్తనం దగ్గర ట్రాంబోన్ దించేసి కూర్చుండిపోయింది. మిగతా ఆరూ డ్రమ్స్, బేస్ మాత్రమే నడిపించాయి. జనం చప్పట్లు కొట్టారు, పిల్లలు పడిపోతే కొట్టే చప్పట్లు. కెమెరా దూరంగా ఉంది కాబట్టి ముఖం కనబడలేదు. అందుకు బతికిపోయాను.

నాలుగేళ్ళలో తనకు దొరికిన సోలో అది. తన కోసం తయారు చేసుకోవడానికి ఆరు వారాలు ఉండేవి. నేను మూడు రోజులు మిగిల్చాను.

ఆ సాయంత్రం తన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నీ సోలో పాడు చేశాను. సారీ."

చాలాసేపటికి, "బాగుంది, నిజంగా," అని కొట్టాను.

"అబద్ధాలు ఆపు. మీ నాన్నకి జాబ్ అంత సడన్‌గా వచ్చిందా? నీకెప్పుడు తెలిసింది?"

ఏప్రిల్‌లో తల ఊపిన సంగతి రాశాను. చెరిపేశాను. శుక్రవారం ఉదయం సంగతి రాశాను. అదీ చెరిపేశాను.

"వెళ్ళే ముందు రోజు సాయంత్రం," అని పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "అదే అనుకున్నా. ముందే తెలిసుంటే నాకు చెప్పేదానివే కదా."

దాని కింద ఒక హార్ట్ గుర్తు పెట్టి, ఫోన్ బోర్లించేశాను.