స్టీరింగ్ పట్టిన ఆదివారం

డిగ్రీ అయ్యాక ధర్మవరంలో నాయన దగ్గర చీరలు నేస్తున్న రోజులవి. ఆదివారాలు ఆన్‌లైన్‌లో కారు రేసులు ఆడేవాణ్ణి. పాత కీబోర్డుతోనే గెలుస్తుంటే హిందూపురం స్నేహితుడు ప్రతాప్‌కు కడుపుమంట.

"కీబోర్డోళ్ల కారు పక్కకు పోకుండా గేమే సరిచేస్తాది. ఇదేం న్యాయమప్పా? దమ్ముంటే స్టీరింగ్ పట్టుకోని రా" అన్నాడు.

రోషమొచ్చింది. పెనుకొండలో మా బావనడిగి కంప్యూటర్‌కు తగిలించే స్టీరింగ్, పెడల్స్ తెచ్చాను. నేల మీద పెడల్స్ జారిపోతుంటే, ఖాళీగా ఉన్న పాత మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు దించుకునే గుంతలో పెట్టుకుని కూర్చున్నాను. అదే నా కొంప ముంచింది. రేసు మొదలవగానే నా కాళ్లు, చీర నేసేటప్పుడు గుంతలోని మగ్గం చెక్కలు తొక్కినట్టే, కుడి ఎడమ, కుడి ఎడమ అని తొక్కడం మొదలుపెట్టాయి. ఒకసారి ఆక్సిలరేటర్, ఒకసారి బ్రేకు. ఆపుదామంటే ఆగవే! మొదటి మలుపులోనే నా కారు అడ్డం తిరిగింది. వెనకొస్తున్న వాళ్లంతా వరసగా గుద్దేశారు, అందరికంటే ముందు ప్రతాప్.

హెడ్‌ఫోన్‌ నిండా తిట్లు. నాయన గుంతలోకి తొంగిచూసి, "తొక్కుడు బాగానే ఉండాది, చీర యాడరా?" అన్నాడు.

అందరికీ ఒకే స్టీరింగ్ ఇస్తే సమానమైపోతుందా? కాళ్లు ఎవరివి వాళ్లవే కదా! తర్వాతి ఆదివారం ప్రతాపే బతిమాలాడు: "నువ్వు కీబోర్డే పట్టుకో అబ్బా, మేము బతకాల!"