తూటా కొరకమనే డాక్టరు

పళ్ల డాక్టరుగారికి ఇంగ్లీషులో ఒకే ఒక్క నానుడి మీద మోజు: ‘బైట్ ద బుల్లెట్’. పంటి నొప్పికీ అదే, పరీక్ష తప్పినవాడికీ అదే, లిఫ్టు పాడై మూడంతస్తులు రొప్పుతూ ఎక్కొచ్చిన పెద్దాయనకీ అదే మందు.

“అంటే తూటా కొరకమని!” అంటూ మొదలుపెట్టేవారు. “వెనకటి యుద్ధాల్లో మత్తుమందు ఎక్కడిది? కాలు కోయాలంటే సైనికుడి పళ్ల మధ్య తూటా పెట్టి, ‘కొరుకు నాయనా’ అనేవారట. తప్పని కష్టాన్ని పళ్లబిగువున భరించడమన్నమాట.”

“తూటా కొరికితే పళ్లు ఊడవా డాక్టరుగారూ?” అని కుర్చీలో కూర్చున్నవాళ్లు అడిగేవారు.

“ఊడితే మన దగ్గరికే వస్తాడుగా!”

బయట కూర్చుని చీటీలు రాసే అమ్మాయికి, తలుపు సందులోంచి ఆరేళ్లుగా వినీ వినీ, ఆ కథ కంఠతా వచ్చేసింది. బెంచీ నిండా జనం, లోపల యుద్ధం. “సార్, ఆ కాలేదో త్వరగా కోసెయ్యండి. ఇంకా పదకొండుమంది ఉన్నారు!” అని కేకేసేది.

ఒకసారి ఆ అమ్మాయికే దవడపన్ను పుచ్చింది. సూదంటే చచ్చే భయం. నెల్లాళ్లు దాచింది. చెంప వాచి, గుక్కెడు నీళ్లు కూడా దిగని రోజున వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. నోరు మాత్రం తాళం వేసినట్టు మూసేసింది.

“తెరువమ్మా.”

తల అడ్డంగా ఊపింది.

“బైట్ ద...”

“కథ మాత్రం వద్దు సార్,” అంది పళ్లు విప్పకుండానే. “మీకంటే నాకే బాగా వచ్చు.”

డాక్టరుగారు చిన్నబోయి, కాసేపు బుర్ర గోక్కున్నారు. తర్వాత తనలో తను గొణుక్కుంటున్నట్టు, “వెనకటికో వంటవాడుండేవాడు. చెయ్యి కోయాల్సొచ్చి, వాడి నోట్లో బంగాళాదుంప పెట్టారట...” అన్నారు.

అమ్మాయి ఉండబట్టలేకపోయింది. “వంటవాడేంటి సార్! సైనికుడు! చెయ్యి కాదు, కాలు! బంగాళా...”

“నోరు అలాగే ఉంచు.”

సూది దిగడం, రావడం రెండూ అయిపోయాయి.

“అంతేనా?” అందామె తెల్లబోయి.

“అంతే. ‘నోరు తెరువు’ అంటే భయపడ్డవాళ్లెవరూ తెరవరమ్మా. అనుమానం అడగాలంటే మాత్రం తెరవక చస్తారా? అందుకే, వాళ్లు ఏదో ఒకటి అడిగేదాకా చెబుతూనే ఉంటాను.”

పన్ను ఊడింది. వారానికి వాపు కూడా తీసింది.

ఆ సోమవారం బెంచీ మీద ఒక లారీ డ్రైవరు చెంప పట్టుకుని కూర్చున్నాడు. “లోపల బాగా నొప్పెడుతుందా చెల్లెమ్మా?”

“ఏం కాదన్నయ్యా, వెళ్లు,” అంటూ ఆమె చీటీ చేతికిచ్చింది. “ఆయనేదో కథ చెబుతారు. అర్థం కాకపోతే మొహమాటపడకు. గట్టిగా అడుగు.”