తిరగేసి కలిపిన తీగ

ఎదురు తిరగడం మనిషి ఎక్కడ నేర్చుకుంటాడో ఈ వయసుకీ నాకు అంతుబట్టలేదు. ప్రవీణ బహుశా గోదావరిఖనిలో నేర్చుకుంది. బొగ్గుబాయిలో బ్లాస్టింగ్ వేళకి వాళ్ళమ్మ అలమరలోని గిన్నెలన్నీ దించి కింద పెట్టేది. గిన్నెలు గలగలమంటే ‘దయ్యం’ అనేవాళ్ళు పక్కింటి పిల్లలు. ‘కాదు, మనుషులే’ అనేది ప్రవీణ.

జర్మనీ వచ్చి, క్లాస్తాల్‌లో ఎమ్మెస్ చేసి, ఆ ఊళ్ళోనే ఓ చిన్న కంపెనీలో చేరింది. చుట్టూ కొండల్లో ఐదు చోట్ల స్టేషన్లు పెట్టి నేలలో యంత్రాలు పాతారు. నేల కదిలితే అవి గీత గీస్తాయి. ఆ గీతలు చదవడం ఆమె పని. మొదటి కుదుపు పైకా, కిందికా? కిటుకంతా అక్కడే. మందు పేలిస్తే నేల అన్ని వైపులకీ నెట్టుకొస్తుంది కనక ఐదు గీతలూ పైకే లేస్తాయి. భూకంపమైతే కొన్ని పైకి, కొన్ని కిందికి.

సెప్టెంబరులో ఒక మంగళవారం నేల అదిరింది. రాళ్ళ క్వారీ పక్కనుండే ఫ్రావ్ బ్రాండెస్ అనే ముసలావిడ ఇంటి గోడ పైనుంచి కిందిదాకా చీలింది. మేం మందే పెట్టలేదన్నారు క్వారీవాళ్ళు. గీతలు చూస్తే నాలుగు పైకి లేచాయి, మూడో స్టేషన్‌ది కిందికి దిగింది.

"భూకంపమే. రాసి పడేయ్," అన్నాడు మేనేజరు రవీంద్రనాథ్. గుంటూరాయన. ఆమెకి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

"కాదు సార్. మూడోది ఉల్టా గీస్తున్నది. పోయిన నెల పసిఫిక్‌ల పెద్ద భూకంపం వచ్చింది గద, చూడుండ్రి. అంత దూరంకెల్లి వచ్చిన కుదుపు ఐదు చోట్లా ఒక్క తీరుగనే తగలాలె. ఇదొక్కటే కిందికి పోయింది. తీగలు అటుదిటు కలిసినయి."

"ఎవడు కలిపాడట ఆ మహానుభావుడు?"

"నేనే. ఏప్రిల్‌ల కేబుల్ మార్చిన. ఇయ్యాల పొద్దుగాల పోయి సక్కగ చేసొచ్చిన."

ఆయన పగలబడి నవ్వాడు. "ఓసి పిచ్చితల్లీ! నీ తప్పుకి నువ్వే దండోరా వేసుకుంటావా? క్వారీవాళ్ళు మన క్లయింట్లు. వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్. అది పోతే బ్లూ కార్డు పట్టుకుని వీసా ఆఫీసు టెర్మిన్‌ల చుట్టూ తిరుగుతావా?"

"తిరుగుత."

"ఆ ముసలమ్మ నీకేమవుద్ది?"

"ఏం కాదు. రిపోర్టు కింద పేరు మాత్రం నాది."

"సాయంత్రంలోగా నువ్వే మాట మారుస్తావులే," అంటూ ఆయన ఫోనందుకున్నాడు.

ప్రవీణ కూర్చుని జర్మన్‌లో నాలుగే ముక్కలు రాసింది. మూడో స్టేషన్ తీగలు ఏప్రిల్‌లో తిరగేసి కలిపింది నేను. సరిచేసి చూస్తే ఐదూ పైకే. ఇది భూకంపం కాదు. పేలుడు. కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఒకటి గనుల శాఖకి పంపింది. ఇంకొకటి ఫ్రావ్ బ్రాండెస్‌కి.

లిఫ్టులో రెండంతస్తులు కలిసొచ్చిన పరాయి మనిషికైనా ‘చ్యూస్’ అని వీడ్కోలు చెప్పి దిగే దేశం అది. అవతల రవీంద్రనాథ్ ఇంకా ఫోనులో, భూకంపమేనండీ, బెంగ వద్దని క్వారీవాళ్ళకి ధైర్యం చెబుతున్నాడు. ప్రవీణ స్టేషన్ల తాళంచెవుల గుత్తి ఆయన ముందు ఠంగుమనిపించింది. ఆగమన్నట్టు ఆయన చెయ్యెత్తాడు.

ఆమె కోటు గుండీలు మెట్లు దిగుతూ పెట్టుకుంది.