కల్మల నల్ల పొట్టేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా ఏదైనా నచ్చిందంటే ముందు దాన్ని తిట్టేవాళ్ళు. రాయచూరు బజారులో మాది కంబళ్ళ దుకాణం. కొనాలనుకున్న సరుకుకు వంకలు పెట్టడం, లేచి నడవడం, వెనకనుంచి పిలిచేదాకా తిరిగి చూడకపోవడం మాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్య. పదేళ్ళకే నేను గాజులమ్మే ఆవిడ చేత కళ్ళనీళ్ళు పెట్టించాను. ఆ సంగతి ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకొనేవారు, నేనైతే ఇంకాస్త కలిపి చెప్పేదాన్ని.

మా కంబళ్ళకు ఉన్ని కల్మల ఊరి దగ్గర ఒక ముసలి కాపరి మంద నుంచి వచ్చేది. ఆయన్ని అందరూ ముత్యా అనేవారు, కన్నడంలో తాత అని. ఆయనవి నల్ల గొర్రెలు. ఆ ముతక ఉన్నితో నేసిన కంబళి కప్పుకుంటే వానలో కూడా ఒళ్ళు తడిసేది కాదు. కాలవ వచ్చాక మేత బీళ్ళు వరి మళ్ళయ్యాయి. తడిలో నిలబడి గొర్రెల గిట్టలు పుండ్లు పడ్డాయి. కాపరులు ఒక్కొక్కరే నెల్లూరు వైపు నుంచి వచ్చిన పొడుగు కాళ్ళ ఎర్ర పొట్టేళ్ళను మందలో కలిపారు. వాటికి మాంసం ఎక్కువ, ఉన్ని ఉండదు. చివరికి ఆ చుట్టుపక్కల ఎర్ర జాతి కలవని నల్ల పొట్టేలు ముత్యా దగ్గర ఒక్కటే మిగిలింది. అది ఇస్తే ఎర్ర పొట్టేలును ఇస్తానని మాంసం వ్యాపారి ఒకడు ఆయన వెంట పడ్డాడు.

అది విని మా తాతయ్య నన్ను తీసుకుని బస్సెక్కాడు. దాన్ని మేమే కొని, ముత్యా మందలోనే ఉంచాలని ఆయన ఆలోచన.

ముత్యా పొట్టేలును మా ముందు నిలబెట్టి, దాని మెడ నిమిరాడు. "నువ్వే చెప్పు సావుకారీ. దీన్ని ఉంచుకోవాల్నా, ఇచ్చెయ్యాల్నా?"

తాతయ్య నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఏంది ముత్యా, గింత బక్కగుంది? కొమ్ము గూడ వంకరనే. బొచ్చంత ఖరాబు. దీన్నెవరు తీసుకుంటరు?"

తాతయ్య నన్ను ఆపలేదు. మీసాల్లో నవ్వుకుని, "పిల్ల చెప్పింది నిజమే గద" అని తన వంతు కలిపాడు. ధర మాట ఎత్తకుండానే లేచాం. "పిలుస్తడు, ఎనక్కి చూడకు" అన్నాడు. రోడ్డు దాకా వీలైనంత నెమ్మదిగా నడిచాం. బస్సు వచ్చేదాకా నిలబడ్డాం. ఎవరూ పిలవలేదు.

నాలుగో రోజు మళ్ళీ మేమే వెళ్ళాం. మందలో ఎర్ర పొట్టేలు మేస్తోంది. తాతయ్య ఒక రాయి మీద కూలబడ్డాడు. "అట్లెట్ల ఇచ్చినవ్ ముత్యా? అది బంగారమసుంటిది."

ముత్యా కోప్పడలేదు. నిజంగానే అయోమయంగా చూశాడు. "గొర్రె సంగతి నాకెరుక, ఉన్ని సంగతి మీకెరుక. నేను బేరం పెట్టలె సావుకారీ, సలహా అడిగిన. మీరే ఖరాబంటే ఇంగ ఎవరికోసం ఉంచాలె?"

వ్యాపారి దగ్గరికి ఇప్పుడే పోదాం పదమన్నాడు తాతయ్య.

"ఆ దినమే కోసిండ్రు" అన్నాడు ముత్యా.

తాతయ్య ఆ ఏడంతా నల్ల పొట్టేలు కోసం అరకేర దాకా తిరిగాడు, సెలవు దొరికితే నన్నూ తీసుకెళ్ళేవాడు. మంద కనిపిస్తే నన్ను ముందుకు తోసి, "చూడు. బాగుంటే బాగుందని గట్టిగ చెప్పు" అనేవాడు. ఆ మాట చెప్పే అవసరం ఎక్కడా రాలేదు. అన్నిట్లోనూ ఎర్ర రంగు కలిసిపోయింది.

ఇప్పటికీ వంకాయల బండి దగ్గర నా నోరు ఊరుకోదు. కానీ ఎవరైనా తమ దగ్గరున్నదేదో చూపించి ఉంచుకోనా, వదిలెయ్యనా అని అడిగితే మాత్రం, బాగుంది, ఉంచుకోమని వెంటనే చెప్పేస్తాను. పాత జొన్న విత్తనం తెచ్చిన రైతుకు చెప్పాను, కంబళి మగ్గం విప్పుతున్న ఇంటివాళ్ళకు చెప్పాను. విని, తలూపి, మర్నాడు వదిలేసుకున్నారు. నా మాటతో నిలిచినది ఇంతవరకు ఒక్కటీ లేదు. అయినా ఆ మాట చెప్పకుండా లేచి రావడం నాకు చేతకాదు.