ఐదుగురు ఆడపిల్లల తర్వాత

మా అమ్మకు ఐదుగురు ఆడపిల్లల తర్వాత నేను పుట్టాను. నా తర్వాత ఇంకెవరూ పుట్టలేదు. కొడుకు కోసం చూశారు, కొడుకు వచ్చాడు, ఆపేశారు. మా కుటుంబం ఎందుకు అంత పెద్దదైందని ఎవరైనా అడిగితే కారణం నేనే. ఈ మాట చిన్నప్పుడు నాకు గొప్పగా ఉండేది.

నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి కూలిపనికి ఓడెక్కి ఈ దీవికి వచ్చి ప్రోతరాపూర్‌లో స్థిరపడ్డాడు. అప్పట్లో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా నలుగురైదుగురు పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకరిద్దరు జ్వరాలకు పోతారని అందరూ ముందే అనుకునేవాళ్లు. మా నాలుగో అక్క కూడా అలాగే నడక రాకముందే పోయింది. కొడుకు ఉంటేనే ఈ దీవిలో మన పేరు నిలబడుతుందని నాన్న అనేవాడట. వెనక్కి వెళ్దామంటే అక్కడ ఆయనకు గజం నేల కూడా లేదు.

నన్ను కన్నాక అమ్మ చాలాకాలం మంచం దిగలేదు. రక్తం బాగా పోయిందట. ఆరో తరగతి చదువుతున్న పెద్దక్క బడి మాని నన్ను ఎత్తుకుంది. అమ్మ లేచి తిరిగే వేళకు పెద్దక్కను మళ్లీ బడికి పంపాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. తర్వాత ఆమెను ఎక్కడో ఉత్తరాన డిగ్లీపూర్‌లో పోకతోట ఉన్న కుటుంబానికి ఇచ్చారు. నేను మాత్రం డిగ్రీ చదివి ఓడ టికెట్ల ఆఫీసులో ఉద్యోగంలో చేరాను.

ఇప్పుడు మా వీధిలో ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు. పాప పుట్టాక ఇంక చాలనే అనుకున్నాం. కానీ పాప తోడు కావాలని అడిగీ అడిగీ మా మనసు మార్చింది. కిందటి వానాకాలంలో రెండో కాన్పు వచ్చింది. సాయం చేయడానికి పెద్దక్క పొద్దున్నే డిగ్లీపూర్‌లో బస్సెక్కి చీకటి పడే వేళకు మా ఇంటికి చేరింది.

అమ్మ రోజూ నా భార్య నడకను చూసి, "ఈసారి బాబేనే, నా మాట సూడు" అనేది. ఆ మాట వింటే నా భార్యకు చిరాకు. ఎవరైతే ఏముందని నేను ఆమెకు సర్దిచెప్పేవాణ్ణి. నిజానికి ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా పేర్లు ఆలోచించుకునేవాణ్ణి. అన్నీ మగపేర్లే. ఆడపిల్ల పేరు ఒక్కటి కూడా ఆలోచించలేదు. ఈ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

కాన్పు రోజు మధ్యాహ్నం నేను ఆసుపత్రి వరండాలో నిలబడ్డాను. లోపల్నుంచి పెద్దక్క వచ్చింది. చేతుల్లో తన పాత నేతచీర ముక్కలో చుట్టిన బిడ్డ. నా దగ్గరికి వచ్చేదాకా ఆమె బిడ్డను చూడలేదు. నా ముఖమే చూస్తూ వచ్చింది.

"ఆడపిల్లరా, తమ్ముడా," అంది మెల్లగా, తప్పు తనే చేసినట్టు. "ఏటీ అనుకోకు. బాగుంది సూడు. నీ ముక్కే."

నేను ఏమీ అనుకోలేదని చెబితే అబద్ధం. లోపల ఏదో చల్లబడింది. క్షణం సేపే. ఆ క్షణంలో నా చేతులు ముందుకు రాలేదు. పెద్దక్క అది చూసింది. చూడనట్టు బిడ్డ చెవి దగ్గర గుడ్డ సర్దింది. తర్వాత బిడ్డను తీసుకుని ముద్దాడాను కానీ, ఆ పసిగుడ్డు ఈ లోకంలో మొదట చూడాల్సిన తండ్రి ముఖం అది కాదు.

ఇంటికి తీసుకొచ్చాక ఒక సాయంత్రం అమ్మ బిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తూ, "పోన్లే, ఇంకా వయసుంది. మూడోది సూసుకోవచ్చు," అంది. నా భార్య గోడవైపు తిరిగి పడుకుంది. మాట్లాడాల్సింది నేను. నా కోసం అన్ని కాన్పులు పడ్డ మనిషికి ఎలా ఎదురు చెప్పను?

మాట్లాడింది పెద్దక్క. "బస్ కరో, అమ్మా, ఇంక సాలు. ఈడి కోసం నువ్వెలాగ సచ్చి బతికినావో నాను సూసినాను. నీ రగతం గుడ్డలు ఉతికింది నాను. మళ్లీ నీ కోడల్ని అలాగ పడమంటావా?"

"నాకు కావాలని కన్నానేటే?" అమ్మ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "మూడోదాని తర్వాతే చాలు బాబూ అన్నాను. మీ నాన్న ఇన్నాడా? మా అత్త ఇన్నాదా? ఆపరేషన్ సేయించుకుంటానంటే పుట్టింటికి పొమ్మన్నారు. సముద్రం దాటి ఎక్కడికి పోతాను?"

అమ్మ నావైపు చూసి, ఏదో పారేసుకున్నట్టు తడబడింది. "నువ్వొచ్చాక బాగానే ఉన్నాదిలే, నాయనా," అంది.

అక్కల వాటా తిని పెరిగానని నాకు ఎప్పట్నుంచో తెలుసు. అమ్మ మాత్రం నన్ను కోరి కన్నదని అనుకునేవాణ్ణి. అదీ కాదని ఆ రోజు తెలిసింది. అమ్మ మాట ఎవరైనా విని ఉంటే పోయిన నాలుగో అక్క, ఐదో అక్క, నేను, ముగ్గురం ఉండేవాళ్లం కాదు. ఆమె ఒంట్లో సత్తువ ఉండేది. పెద్దక్క బడికి వెళ్లేది.

మర్నాడు పెద్దక్క పెరట్లో చేపలు తోముతుంటే పక్కన కూర్చున్నాను.

"అక్కా, నీ చదువు పోయింది నా వల్లే కదా."

"నీ వల్లేటి? పాలు తాగీ గుంటడివి."

"కోపం రాలేదా ఎప్పుడూ?"

ఆమె చెయ్యి ఆగింది. "వొచ్చీది. బడి గంట మనింటికి ఇనబడీది గదా. గంట కొట్టినప్పుడల్లా నిన్ను గిల్లీదాన్ని. నువ్వు ఏడుపెత్తుకుంటే ఆ గంట ఇనబడదు." చెప్పి నవ్వింది. "పాపం, తొడంతా ఎర్రగా అయిపోయీది. అమ్మ దోమలనుకునీది."

నేను నవ్వలేకపోయాను. ఆమె ఇంకా గట్టిగా గిల్లి ఉంటే బాగుండేదనిపించింది.

నా భార్యకు ఆపరేషన్ ఎప్పుడు చేయించాలని ఇంట్లో మాట వచ్చినప్పుడు, నేను చేయించుకుంటానన్నాను. ఆమె నమ్మలేదు. ఆసుపత్రిలో నర్సు కూడా, "భయ్యా, ఆప్? పక్కా?" అని, చేయించుకునేది నేనేనా అన్నట్టు, రెండుసార్లు అడిగింది. మగవాళ్లు అరుదుగా వస్తారట. ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాను. అంత చిన్న పని. అమ్మ ఏళ్ల తరబడి పడ్డదాని ముందు అది ఏ మూలకూ రాదని దారంతా అనిపించింది. గొప్ప పని చేశావని ఆఫీసులో ఒకరు మెచ్చుకుంటే తల దించుకున్నాను.

అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. డిగ్లీపూర్ వెళ్లే ముందు పెద్దక్కే చెప్పింది. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. బిడ్డకు మాత్రం కాళ్లమీద పడుకోబెట్టుకుని రోజూ స్నానం చేయించింది.

మూడో రోజు కుళాయి వచ్చింది. మాకు నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి. నేను బకెట్ ఎత్తబోతుంటే వెనకనుంచి అమ్మ వచ్చి, నా చేతిలోంచి లాక్కుంది.

"బరువులెత్తకు," అంది.

నడుం వంగిపోయిన మనిషి, నీళ్లు ఒలికిపోతుంటే, ఆ బకెట్‌ను రెండు చేతులతో ఈడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.