పాట పైన రాయని పేరు

నిన్న సాయంత్రం యానాం రేవు దగ్గర పాటల సభలో, మైకులో మౌత్ ఆర్గాన్ మోగింది. ఆ మొదటి ఊపిరి వినగానే నా నాలుక మీద ఇత్తడి చేదు తగిలింది. చిన్నప్పుడు దానియేలు మావయ్య మౌత్ ఆర్గాన్‌ని దొంగతనంగా ఒక్కసారి నోట పెట్టుకున్నాను. ఎనభై దాటినా ఆ రుచి పోలేదు. పాట కూడా ఆయనదే. అంతలో వేదిక మీద కుర్రాడు చదివాడు: "మీరు విన్నది గోదావరి తీరపు జానపద గీతం. రచయిత తెలియదు." నా ఒళ్ళు మండిపోయింది. తెలియకపోవడమేమిటి?

మావయ్య యానాం పక్కనున్న అడవిపొలం ఊళ్ళో మా పేట మనిషి, పొలం కూలీ. వయసులో ఉండగా బర్మాలోని రంగం వెళ్ళి బియ్యం మిల్లులో బస్తాలు మోస్తూ మౌత్ ఆర్గాన్ నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక మా పేటలో ఎవరు పోయినా, నలభై ఏళ్ళపాటు, శవపేటిక ముందు ఆయనే నడిచాడు. వాయిద్యాన్ని నీళ్ళలో ముంచి, తుండుతో తుడిచి, ఒక వరస ఊదేవాడు, ఒక వరస పాడేవాడు. పాట ఒకటే. కానీ చరణం చివర పోయినవాళ్ళ పేరు, వాళ్ళ చేతులు చేసిన పని వచ్చేవి. "నాట్లేసిన చేతులు నడిసెల్లిపోతన్నాయి, మరియమ్మా" అని ఆయన పాడితే ఊరంతా ఆ చేతుల్ని తలుచుకునేది. ఆ వాయిద్యం చర్చిలోకి మాత్రం రాకూడదన్నారు సంఘ పెద్దలు. చావుకి కావాలిట, ఆరాధనకి పనికిరాదుట. ఇదేం న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఒకసారి మా పక్కింట్లో పుట్టిన రోజునే ఒక ఆడబిడ్డ పోయింది. పేరడిగితే తండ్రి, "బతకలేదు కద మావయ్యా, ఇంకా పేరేంటి?" అన్నాడు.

"బతకలేదని పేరు కూడా ఇవ్వవా? పేరు లేకుండా ఎవర్నీ మట్టిలో పెట్టనియ్యను."

కదలకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. చాలాసేపటికి లోపలినుంచి తల్లి, "రూతు" అంది. అమ్మ వేలు పట్టుకున్న చేతులు వెళ్ళిపోతున్నాయని ఆ రోజు పాడాడు. ఆ పాట విన్నాక నేను ఎవరినీ పేరు తెలుసుకోకుండా పలకరించలేకపోయాను.

యానాంలో ఫ్రెంచి జెండా దిగిన కొత్తలో, నేను అప్పుడే పంతులమ్మనయ్యాను. పట్నం నుంచి ఒక పెద్దమనిషి పాటలు పట్టే మిషను తీసుకుని వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషిని పట్టుకుని, "ఆ పేర్లన్నీ తీసేసి పాడు, నువ్వు. ఊరూ పేరూ లేనివాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?" అన్నాడు. మావయ్య నా వైపు ఒకసారి చూసి, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. నేనైనా అడ్డుపడాల్సింది. అడ్డుపడకపోగా, ఆ పెద్దమనిషి అడిగాడని పాటంతా గుండ్రటి అక్షరాలతో తెల్లకాగితం మీద రాసిచ్చాను. పైన మావయ్య పేరు రాయలేదు. ఊరందరికీ తెలిసిన మనిషి పేరు మళ్ళీ రాయడమెందుకు అనుకున్నాను.

కొన్ని నెలలకి టీకొట్టు రేడియోలో ఆ పాట వచ్చింది. చివర, "రచయిత తెలియదు."

"పంతులమ్మా, కాయితం మీద నా పేరు రాసేవా?" అన్నాడు మావయ్య.

"రాయలేదు మావయ్యా."

"ఊఁ. మరాళ్ళకెలా తెలుత్తాదిలే."

తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు తిట్టినా బాగుండేది. ఆ పెద్దమనిషికి మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. మావయ్య పోయిన రోజు పెట్టె ముందు నడిచి పాడేవాళ్ళు లేరు. పాట నాకు వచ్చు, కానీ నేను ముందుకు వెళ్ళలేదు. అందరికీ పేరు పెట్టి పాడిన మనిషిని మేం మాటా పాటా లేకుండా మట్టిలో పెట్టేశాం. తర్వాత బళ్ళో ఉన్నన్నాళ్ళూ హాజరు ఇంటిపేరుతో సహా పిలిచాను. పిల్లల్ని "ఏయ్ పేటోడా" అన్న హెడ్మాస్టరుతో గొడవపడి బదిలీ కూడా తెచ్చుకున్నాను. అయినా ఆ కాగితం పైన ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది.

నిన్న కర్ర పట్టుకుని వేదిక ఎక్కాను. కుర్రాడి చేతిలో కాగితం తీసుకుని, "రచయిత తెలియదు" అన్నది కొట్టేసి, పైన దానియేలు అని రాశాను.

"మామ్మగారూ, మీకెలా తెలుసండి?" అన్నాడు.

"మొదటి కాగితం రాసింది నేనే నాయనా. తప్పు నాదే."

మైకు ఇటివ్వమన్నాను. పాట ఎత్తుకున్నాను.

"పేరు పేరునా సాగనంపిన చేతులు నడిసెల్లిపోతన్నాయి, దానియేలూ."